ఎవరూ వాడని మూడో లగ్

మౌజర్ అనే పేరు మనకి హిస్టరీ పుస్తకంలో తగుల్తుంది. 1914లో కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు ఎత్తుకెళ్లినవి మౌజర్ పిస్టల్సే. 1925లో కాకోరీ దగ్గర రైలు ఆపినవాళ్ల చేతుల్లో ఉన్నవీ అవే. అందుకే ఆ పేరు వినగానే మనకి పిస్టల్ గుర్తొస్తుంది. నిజానికి ఆ పిస్టల్‌ని డిజైన్ చేసింది పాల్ మౌజర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఫెడర్లే అన్నదమ్ములు. పాల్ మౌజర్ తన జీవితం మొత్తం పెట్టింది ఇంకో వస్తువు మీద. తలుపు గడియలా ముందుకు తోసి కిందికి తిప్పితే మూసుకునే రైఫిల్, అంటే బోల్ట్ యాక్షన్ రైఫిల్.

అమెరికాలో, స్వీడన్‌లో, జర్మనీలో జింకల వేటకి వెళ్లేవాళ్లలో కొత్త రైఫిల్ కొనేంత డబ్బు లేనివాళ్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో పాత బోల్ట్ యాక్షన్ కొంటారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట లేదు కాబట్టి ఆ బేరం మనకి అక్కర్లేదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. అరవై, ఎనభై, వందేళ్ల క్రితం తయారైన వస్తువు. ఎవరెవరి చేతులు మారిందో తెలీదు. దాన్ని మొహానికి ఆనించుకుని లోపల ఒక చిన్న పేలుడు చెయ్యాలి. ఏ నమ్మకంతో కొంటారు? ఈ ప్రశ్నకి సగం జవాబు కొనేవాడు చేసుకునే చెకింగ్‌లో ఉంది. మిగతా సగం పాల్ మౌజర్ జీవితంలో ఉంది.

అతను 1838 జూన్ 27న ఓబర్న్‌డోర్ఫ్‌లో పుట్టాడు. ఇప్పటి జర్మనీ నైరుతి మూలలో నెకర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అప్పట్లో అది వ్యూర్టెంబర్గ్ అనే రాజ్యంలో భాగం. ఆ ఊళ్లో ఖాళీ అయిన ఒక మఠంలో 1811లో రాజుగారు తుపాకుల కార్ఖానా పెట్టించాడు. పాల్ తండ్రి అందులో పనివాడు. పదమూడు మంది పిల్లల్లో పాల్ ఆఖరివాడు. అంతమంది ఉన్న ఇంట్లో పెద్ద చదువులు ఎక్కడివి? పద్నాలుగో ఏటికి స్కూలు అయిపోయింది. పిల్లాడు కూడా అదే కార్ఖానాలో చేరిపోయాడు. అంటే మనం టెన్త్‌కి కూడా రాని వయసులో అతను ఆకురాయి పట్టుకుని ఇనుప ముక్కల్ని కొలతకి అరగదీస్తున్నాడు. అతని ఇంజనీరింగ్ కాలేజీ అదే.

1859లో సైన్యంలోకి పిలుపొచ్చింది. లుడ్విగ్స్‌బర్గ్ ఆయుధాగారంలో ఫిరంగుల దగ్గర వేశారు. అప్పటికి ప్రష్యా సైన్యం దగ్గర డ్రైజె అనే అతను చేసిన రైఫిల్ ఉంది. అంతకుముందు తుపాకుల్లో మూతి వైపు నుంచి మందు కూరేవాళ్లు. డ్రైజె రైఫిల్లో వెనక నుంచి, గడియ తీసి, కాగితంలో చుట్టిన తూటా పెట్టొచ్చు. గొప్ప మార్పే. కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి. ప్రతిసారీ లోపలి సూదిని చేత్తో విడిగా వెనక్కి లాగి ఎక్కుపెట్టాలి. పైగా గడియ సందుల్లోంచి వేడి గ్యాస్ కాల్చేవాడి మొహం వైపు లీక్ అయ్యేది. మొదటి సమస్యని పాల్ పరిష్కరించాడు. గడియ తిప్పినప్పుడు ఆ కదలికే సూదిని ఎక్కుపెట్టేలా మార్చాడు. రెండో సమస్య, గ్యాస్ మొహం మీదకి రాకుండా చూడటం, అతన్ని ఇంకో నలభై ఏళ్లు వదల్లేదు.

డిజైన్ చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని కొనేవాణ్ణి వెతకడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని అన్న విల్‌హెల్మ్ చూసుకునేవాడు. పాల్ కన్నా నాలుగేళ్లు పెద్ద, మాటకారి. సొంత రాజ్యం కొనలేదు, ప్రష్యా కొనలేదు. చివరికి రెమింగ్టన్ కంపెనీ తరఫున యూరప్‌లో తిరిగే శామ్యూల్ నోరిస్ అనే అమెరికన్ కంట్లో ఆ రైఫిల్ పడింది. 1867లో ఒప్పందం కుదిరింది. అన్నదమ్ములిద్దరూ తుపాకుల ఊరుగా పేరున్న బెల్జియంలోని లీజ్‌కి మకాం మార్చారు. 1868లో అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది, మౌజర్ల పేర్ల పక్కన నోరిస్ పేరుతో. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫౌండర్లకి ఇన్వెస్టర్ దొరికాడన్నమాట. ఆ కథ కూడా చాలా స్టార్టప్‌ల కథలాగే ముగిసింది. నోరిస్ అనుకున్న ఆర్డర్లు రాలేదు, డబ్బులు ఆగిపోయాయి. పాల్ ఉత్త చేతుల్తో ఓబర్న్‌డోర్ఫ్‌కి తిరిగొచ్చాడు.

అయితే లీజ్‌లో చేసిన పని వృథా పోలేదు. లోహపు తూటా వాడేలా మార్చిన ఆ డిజైన్‌ని ప్రష్యా పరీక్షించి, కొత్తగా ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యపు రైఫిల్‌గా తీసుకుంది. దాని పేరు మోడల్ 71. ఒకసారికి ఒకే తూటా. ఇన్నేళ్ల కష్టానికి పెద్ద ఫలితం వచ్చేసిందనుకుంటాం కదా. తయారీ పని ఎక్కువగా ప్రభుత్వ కార్ఖానాలకే వెళ్లింది. తర్వాత వ్యూర్టెంబర్గ్ రాజ్యం తన వంతుగా లక్ష రైఫిళ్ల ఆర్డర్ ఇచ్చినప్పుడే అన్నదమ్ముల చేతికి నిజమైన పని దొరికింది. 1874లో బ్యాంకుతో కలిసి, తండ్రి కూలికి పనిచేసిన ఆ రాజుగారి కార్ఖానానే కొనేశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1882 జనవరిలో విల్‌హెల్మ్ చనిపోయాడు. వయసు నలభై ఏడు. దేశాలు పట్టుకుని తిరిగి ఆర్డర్లు తెచ్చిన మనిషి పోయాడు. ఇక నుంచి డిజైనూ బేరమూ రెండూ పాలే చూసుకోవాలి.

1887లో ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి అయిదు లక్షలకి పైగా రైఫిళ్ల ఆర్డర్ వచ్చింది. అంత ఆర్డర్‌కి కావాల్సిన పెట్టుబడితో పాటు బెర్లిన్‌లోని లుడ్విగ్ లోవె కంపెనీ కూడా వచ్చింది, ఫ్యాక్టరీ వాటాలు చాలావరకు వాళ్ల చేతికి పోయాయి. అదే సమయంలో ఫ్రాన్స్ పొగరాని మందుతో కాల్చే రైఫిల్ తెచ్చింది. నల్లమందు రైఫిళ్లన్నీ ఒక్కసారిగా పాతబడిపోయాయి. ఒట్టోమన్ ఆర్డర్ మధ్యలోనే స్పెక్ మార్చాల్సి వచ్చింది. ఇంకా పెద్ద దెబ్బ సొంత దేశం నుంచే తగిలింది. 1888లో జర్మన్ సైన్యం కొత్త రైఫిల్ కావాలనుకున్నప్పుడు పాల్ మౌజర్‌ని పక్కన పెట్టి, ఆఫీసర్ల కమిటీతో డిజైన్ చేయించుకుంది. ఆ కమిటీ రైఫిల్లో తూటా తొడుగులు పగిలి గ్యాస్ వెనక్కి తన్నే సమస్యలు వచ్చాయి.

పాల్ దీనికి జవాబుని బయటి దేశాలకి అమ్మిన రైఫిళ్లలో రాసుకుంటూ పోయాడు. నాకు అతని జీవితంలో బాగా నచ్చిన దశ ఇదే. వరుసగా వెర్షన్లు రిలీజ్ చేస్తున్నట్టే ఉంటుంది. 1889లో బెల్జియం కోసం చేసినదాంట్లో బోల్ట్ ఒకే ముక్క. దాని ముందు చివర రెండు ఉబ్బెత్తు భాగాలు, వాటినే లగ్స్ అంటారు. గడియ తిప్పగానే అవి గొట్టం వెనక గాళ్లలో ఇరుక్కుంటాయి. పేలుడు బలం అంతా వాటిమీదే పడుతుంది. ఆ రైఫిల్ తయారు చెయ్యడానికే బెల్జియంలో ఎఫ్ఎన్ అనే కంపెనీ పుట్టింది. ఆ తర్వాతి వెర్షన్లో పొడవాటి కొక్కెం వచ్చింది. మేగజైన్ లోంచి పైకి వచ్చిన తూటాని అది మొదటి క్షణం నుంచే పట్టుకుంటుంది, కాల్చాక ఖాళీ తొడుగుని లాగి బయట పడేస్తుంది. రైఫిల్‌ని ఎలా పట్టుకున్నా తూటా జారిపోదు. 1893లో స్పెయిన్ కోసం చేసినదాంట్లో అయిదు తూటాలు జిగ్‌జాగ్‌గా సర్దుకునే మేగజైన్ చెక్క లోపలికి పూర్తిగా వెళ్లిపోయింది.

1898లో క్యూబాలో అమెరికా సైనికులు ఆ స్పెయిన్ రైఫిళ్లకి ఎదురు వెళ్లి బాగా దెబ్బతిన్నారు. యుద్ధం గెలిచారు, పట్టుకున్న మౌజర్లని ఇంటికి తీసుకెళ్లి విప్పి చూశారు. 1903లో వాళ్లు తెచ్చిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ ఎంత దగ్గరగా ఉందంటే, పేటెంట్ల కింద మౌజర్ కంపెనీకి 2 లక్షల డాలర్ల దాకా రాయల్టీ కట్టడానికి అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది.

అదే 1898 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం చివరికి పాల్ రైఫిల్‌ని తీసుకుంది. మోడల్ 98. అప్పటికి అతనికి అరవై ఏళ్లు నిండబోతున్నాయి. ఇందులో కొత్తవి చాలావరకు ఏదైనా తప్పు జరిగినప్పుడు పనికొచ్చేవే. తూటా తొడుగు పగిలి గ్యాస్ వెనక్కి వస్తే? బోల్ట్ కింద వైపు రెండు పొడవాటి రంధ్రాలు పెట్టాడు, గ్యాస్ పక్కకి మళ్లిపోతుంది. ఇంకా మిగిలింది వస్తే? బోల్ట్ వెనక భాగాన్ని వెడల్పు చేశాడు, మొహానికి అడ్డు. గడియ పూర్తిగా పడకముందే ట్రిగ్గర్ నొక్కితే? సూది ముందుకు వెళ్లి తూటాని తాకలేదు. ముందున్న రెండు లగ్సూ విరిగిపోతే? దానికోసం బోల్ట్ వెనక మూడో లగ్ పెట్టాడు.

ఈ మూడో లగ్ మామూలుగా ఏ పనీ చెయ్యదు. దాని గాడిలో దాని చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది, బరువు దాని మీద పడదు. లక్షల రైఫిళ్లలో అది ఒక్కసారి కూడా వాడకుండానే తుప్పు పట్టి ఉంటుంది. కానీ ముందరివి రెండూ ఓడిపోయిన రోజున, బోల్ట్ కాల్చేవాడి కంట్లోకి దూసుకురాకుండా ఆపేది అదొక్కటే. మనం కోడ్ రాసేటప్పుడు ఎప్పటికీ రన్ అవ్వదనుకునే ఎర్రర్ బ్లాక్‌ని బద్ధకించి ఖాళీగా వదిలేస్తాం చూడండి. అతను దాన్ని ఇనుములో చెక్కాడు. ప్రతి ఒక్క ముక్కకీ ఖర్చు పెరుగుతుందని తెలిసీ చెక్కాడు.

1901లో, తనంతట తానే లోడ్ అయ్యే ఒక కొత్త రైఫిల్‌ని పరీక్షిస్తుండగా అది పేలింది. పాల్ మౌజర్‌కి ఒక కన్ను పోయింది. పరిశోధన మాత్రం ఆపలేదు. 1898 నుంచి 1903 దాకా జర్మన్ పార్లమెంట్‌లో సభ్యుడిగా కూడా ఉన్నాడు. 1912లో రాజుగారు బిరుదిచ్చి పేరులో ఫాన్ చేర్చారు. పదమూడో పిల్లాడు, స్కూలు మానేసి ఆకురాయి పట్టినవాడు, జమీందార్ల వరసలోకి వచ్చాడు. 1914 మే 29న ఓబర్న్‌డోర్ఫ్‌లోనే చనిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అతని మోడల్ 98 లక్షల చేతుల్లోకి వెళ్లింది. అది చేసిన పని అతను చూడలేదు.

వేట రైఫిల్‌గా దాని జీవితం అప్పటికే మొదలైంది. లండన్‌లోని రిగ్బీ కంపెనీ మౌజర్ యాక్షన్లు తెప్పించుకుని వేటగాళ్ల కోసం రైఫిళ్లు చేసేది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ బహుమతిగా ఇచ్చింది అలాంటి .275 రిగ్బీనే. కుమావూన్ కొండల్లో అతని భుజం మీద ఉన్న గడియ ఓబర్న్‌డోర్ఫ్ గడియే. ఆ రైఫిల్ డబ్బున్నవాళ్ల వస్తువు. మామూలు రైతుల చేతికి ఇది రెండు యుద్ధాల తర్వాత వచ్చింది. మిగిలిపోయిన సైనిక రైఫిళ్లు చవగ్గా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు పొడవాటి చెక్కని కోసేసి, బోల్ట్ పిడిని కిందికి వంచి, పైన టెలిస్కోప్ బిగించుకుని వేటకి పట్టుకెళ్లారు. అదే డిజైన్ మీద ఎఫ్ఎన్, యుగోస్లావియాలో జస్తావా కొత్త యాక్షన్లు చేశాయి. ఇంగ్లండ్‌లో పార్కర్ హేల్, స్వీడన్‌లో హుస్క్‌వర్నా అలాంటి యాక్షన్ల మీద మధ్యతరగతి వేట రైఫిళ్లు కట్టి అమ్మాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మార్పులు చెయ్యని, యుద్ధంలో ఎలా ఉందో అలాగే ఉన్న మౌజర్‌కి కలెక్టర్లు బాగా డబ్బిస్తారు. ఎవరో కోసి, వంచి, రంధ్రాలు పెట్టినదాన్ని వాళ్లు ముట్టుకోరు. అందుకే అది చవక. తక్కువ డబ్బుతో వేటకి వెళ్లాలనుకునేవాడికి దొరికేది అదే. అయితే అన్ని మార్పులు చేసిన చేతులు ఎలాంటివో చూసుకోవాలి. తెలివైన కొనుగోలుదారు చూసేవి దాదాపు ఇవీ.

ముందు లోపల తూటా లేదని కళ్లతో, వేలితో నిర్ధారించుకుంటాడు. బోల్ట్ బయటికి తీస్తాడు. వెనక నుంచి వెలుతురులోకి గొట్టాన్ని చూస్తాడు. పాత సైనిక తూటాల రసాయనం లోపల ఉప్పులాంటి మడ్డి వదిలేది, నీళ్లతో కడగకపోతే తుప్పు తినేసేది. లోపలి మెలికల అంచులు పదునుగా ఉన్నాయా, గుంటలు పడ్డాయా అన్నది అక్కడే తెలుస్తుంది. కొద్దిగా మసకగా ఉన్న గొట్టం కూడా బాగానే కాలుస్తుంది, కానీ మూతి అంచు దెబ్బతింటే గురి పోతుంది.

తర్వాత బోల్ట్ మీద నంబర్, బాడీ మీద నంబర్ ఒకటేనా అని చూస్తాడు. వేరైతే వెంటనే వదిలెయ్యక్కర్లేదు. కానీ వేరే రైఫిల్ బోల్ట్ అంటే హెడ్‌స్పేస్ కొలిపించాల్సిందే. గడియ మూశాక తూటాకి వెనకా ముందూ మిగిలే ఖాళీ అది. దానికి రెండు గేజ్‌లు ఉంటాయి. ఒకదాని మీద గడియ పడాలి, రెండోదాని మీద పడకూడదు. రెండోదాని మీద కూడా పడితే తూటా తొడుగు సాగి పగిలే ప్రమాదం ఉంది, బేరం అక్కడితో ఆపెయ్యడమే మంచిది. ముందరి రెండు లగ్స్ మీద అరుగుదల సమానంగా ఉందా, అవి ఆనే చోట ఉక్కు నొక్కుకుపోయిందా అనీ చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, అది ఏ మోడల్, ఏ తూటా అన్నది. 1893 తరహా పాత మౌజర్లకి మూడో లగ్ లేదు. గ్యాస్ మళ్లించే ఏర్పాటూ 98 అంత లేదు. చూడ్డానికి తమ్ముడిలాగే ఉంటుంది కదా అని ఎవరైనా అందులో ఎక్కువ ప్రెషర్ ఉండే ఆధునిక తూటాకి గొట్టం మార్చి ఉంటే, దాన్ని వదిలెయ్యడమే మేలు. 98లో కూడా ఒక చిక్కుంది. 1905 ప్రాంతంలో జర్మన్లు తమ 8 మి.మీ. గుండు వ్యాసాన్ని సుమారు 8.08 నుంచి 8.20 మి.మీ.కి పెంచారు. తేడా మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. పాత సన్నటి గొట్టంలో కొత్త లావు గుండు కాలిస్తే ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీది గుర్తుల్ని మాత్రమే నమ్మకుండా, తెలిసినవాడితో లోపల కొలిపించాలి. మనవాళ్లు వెర్షన్ నంబర్ చూడకుండా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది. అక్కడ క్రాష్ అయ్యేది మొహం.

చివరగా చెక్క స్టాక్‌లో పగుళ్లు, ముఖ్యంగా మణికట్టులా సన్నబడే చోట. టెలిస్కోప్ రంధ్రాలు తిన్నగా ఉన్నాయా. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వదిలి, సేఫ్టీ తీస్తే సూది దానంతటదే పడకూడదు. ఈ చెక్‌లన్నీ ఖాళీ రైఫిల్‌తోనే. అన్నీ సరిపోయినా, మొదటి తూటా కాల్చేముందు గన్‌స్మిత్ దగ్గరకి తీసుకెళ్లడం ధరలో కలిపి లెక్కేసుకోవాల్సిన ఖర్చు.

ఈ లిస్టు చదువుతుంటే పాల్ మౌజర్ జీవితమే తిరగేసి చదువుతున్నట్టు అనిపించింది. ప్రతి చెక్ వెనకా అతను ఒకప్పుడు పడ్డ గొడవ ఉంది. డ్రైజె గ్యాస్, కమిటీ రైఫిల్ పగుళ్లు, పొగరాని మందు ప్రెషర్. తన తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎంత అజాగ్రత్తగా వాడతారో తెలీకుండానే వాళ్ల కోసం ఆలోచించి పెట్టాడు.

అలాగని అతన్ని మహానుభావుడు అనేసి ఈ వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదు. ఆ మూడో లగ్ కాపాడింది ట్రిగ్గర్ వెనక ఉన్నవాణ్ణి మాత్రమే. గొట్టం ముందు ఉన్నవాడి కోసం అతను ఏమీ పెట్టలేదు, పెట్టడం అతని పని కూడా కాదు. అడిగిన దేశానికల్లా అమ్మాడు. బోయర్ యుద్ధంలో, క్యూబాలో, అతను పోయాక యూరప్ కందకాల్లో ఆ జాగ్రత్త అంతా అటువైపు మనిషిని చంపడానికే సాయపడింది. మనం రేపు ఏదో కంపెనీలో యూజర్ సేఫ్టీ గురించి రాత్రింబవళ్లు పనిచేస్తాం. యూజర్ అంటే ఎవరు, ఆ లిస్టులో లేనివాళ్లెవరు అని మన స్పెక్‌లో రాసి ఉండదు. ఆ ప్రశ్న పాల్ మౌజర్ అడగలేదు. మనం అడగొచ్చు. అడిగాక కూడా, ఎర్రర్ బ్లాక్‌ని మాత్రం ఖాళీగా వదలకూడదు.